ప్రార్థన చీటీ, మందుల చీటీ



ఏ సంఘంలోనైనా ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన విన్నపాల పెట్టె తెరిచి చూడండి. పిల్లల చదువు, ఉద్యోగం, పెళ్లి సంబంధం, తీరని అప్పు ఉంటాయి. వాటి మధ్య మళ్లీ మళ్లీ కనబడేవి షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, గుండె, కిడ్నీ. ఆ చీటీలు పట్టుకుని మనం ప్రార్థిస్తాం. ప్రార్థించాలి కూడా. అయితే ఆ చీటీ రాసినవారి ఇంట్లో మరో చీటీ ఉంటుంది. అది డాక్టరు రాసిన మందుల చీటీ. అందులో ఉన్నది అర్థమైందా, ఉన్నట్టే వాడుతున్నారా అని అడిగేవారు మన సంఘంలో ఎవరైనా ఉన్నారా?

ఉండాలని చెప్పడానికే ఈ వారం సంపాదకీయం. అలా అడిగే సేవకు వైద్య పట్టా అక్కరలేదు. ఓపికగా వినే చెవి, చదవగలిగే కన్ను, గుట్టు నిలిపే నోరు ఉంటే చాలు.

మేలు చేసే మందే కీడు చేస్తే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో జర్మనీలోని బాన్ నగరంలో ఒక పెద్ద ప్రయత్నం మొదలుపెట్టింది. మందుల వాడకంలో జరిగే పొరపాట్ల వల్ల కలిగే తీవ్రమైన హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలన్నది దాని గురి. ఏటా సెప్టెంబరు 17న రోగుల భద్రతా దినం జరుగుతుంది. 2022లో ఆ దినానికి మందుల భద్రతనే అంశంగా తీసుకున్నారు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఇది నకిలీ మందుల గురించిన గొడవ మాత్రమే కాదు. అసలైన, మంచి మందులనే తప్పుగా వాడటం వల్ల జరిగే నష్టం గురించి కూడా.

ఆ తప్పులు ఎలా జరుగుతాయో మన ఇళ్లలోనే చూడవచ్చు.

ఒకే మందు రెండు పేర్లతో ఇంట్లోకి వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో షుగరుకు మెట్‌ఫార్మిన్ ఇస్తారు. బయట ప్రైవేటు డాక్టరు గ్లైకోమెట్ రాస్తారు. రెండూ ఒకటేనని తెలియక పెద్దావిడ రెండూ వేసుకుంటుంది. జ్వరానికి డోలో 650 వేసుకున్నవారు జలుబుకని కొన్న మరో మాత్రలో కూడా పారాసెటమాల్ ఉందని చూడరు. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చి ఇచ్చిన టైలెనాల్ సీసా మీద ఎసిటమినోఫెన్ అని ఉంటుంది. అదీ పారాసెటమాలే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికైనా రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి ఆ హద్దు ఇంకా తక్కువ. దాటితే దెబ్బ తగిలేది కాలేయానికి.

రోజూ వేసుకోకూడని మాత్రను రోజూ వేసుకుంటారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మందు వారానికి ఒక్కసారే వాడాలి. అన్ని మాత్రల్లాగే ఇదీ అనుకుని రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద ఇంగ్లీషులో రాసిన ఒక్క మాట చదవలేకపోవడానికి ఇంత మూల్యం.

నొప్పి మాత్రలు చాక్లెట్లలా దొరుకుతాయి. పొలం పనికి వెళ్లి వచ్చి రోజూ ఒక డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ వేసుకునేవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. నొప్పి తగ్గుతుంది. కాని ఏళ్ల తరబడి అలా వాడితే కడుపులో పుండు పడవచ్చు, బీపీ పెరగవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. అయితే కిడ్నీ ఇప్పటికే బలహీనపడినవారికి ఈ మాత్రలు మరింత చేటు అన్న విషయంలో వైద్యులకు సందేహం లేదు.

ఇక పిల్లల సంగతి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో కల్తీ దగ్గుమందు తాగి 20 మందికి పైగా పసివాళ్లు చనిపోయారు. అప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు మళ్లీ గుర్తుచేసింది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదు. చాలామంది పిల్లల్లో దగ్గు దానంతటదే తగ్గుతుంది. అయినా పోయినసారి మిగిలిన సీసాను షెల్ఫులోంచి తీసి, వంటింటి చెంచాతో కొలిచి పోసే అలవాటు మన ఇళ్లలో పోలేదు. మందు చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత.

మన సంఘాల్లో ప్రత్యేకమైన రెండు ప్రమాదాలు

పై పొరపాట్లు అందరి ఇళ్లలో జరిగేవే. మన మధ్య ప్రత్యేకంగా కనిపించేవి మరో రెండున్నాయి. వాటిని గురించి మనమే మాట్లాడకపోతే ఇంకెవరూ మాట్లాడరు.

మొదటిది, స్వస్థత ప్రార్థన తరువాత మందు ఆపేయడం. కూడికలో తలమీద చేతులుంచి ప్రార్థించారు. శరీరం తేలికైనట్టు అనిపించింది. ఇంటికెళ్లి మాత్రలు చెత్తబుట్టలో వేశారు. వచ్చే ఆదివారం ఆ సంగతే సాక్ష్యంగా చెప్పారు, సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు విన్న మరో ఇద్దరు కూడా ఇంటికెళ్లి మాత్రలు మానేశారు.

దీని వెనక ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. బీపీకి చాలావరకు లక్షణాలుండవు. మాత్ర మానినా నాలుగు రోజులు బాగానే ఉంటుంది. లోపల ఒత్తిడి పెరుగుతూ పోయి ఒకరోజు పక్షవాతంగా బయటపడుతుంది. మూర్ఛకు వాడే మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. ఇన్సులిన్ మీదే ఆధారపడిన బిడ్డకు అది ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం. టీబీ మందు మధ్యలో మానితే ఆ క్రిమి మందుకు లొంగని మొండి క్రిమిగా మారవచ్చు, అది ఇంట్లో మిగతావారికీ అంటవచ్చు. చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడినవారు అకస్మాత్తుగా ఆపితే బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు. మానసిక వ్యాధికి వాడే మందులూ అంతే, డాక్టరు మెల్లమెల్లగా తగ్గించవలసినవి.

రెండవది ఉపవాసం. శ్రమల దినములలో నలభై రోజులు, ప్రతి శుక్రవారం, నెలకొకసారి మూడు దినాలు అంటూ మనవాళ్లు ఉపవాసముంటారు. అది మంచి సాధన. అయితే షుగరుకు గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు మందు వేసుకుని భోజనం మానితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు, అయోమయం కనిపిస్తాయి. కొన్నిసార్లు దాన్ని ఆత్మీయ అనుభవమని పొరపడి చుట్టూ చేరి ప్రార్థిస్తూ ఉండిపోయే అవకాశం కూడా ఉంది. మనిషి స్పృహలో ఉంటే వెంటనే మూడు నాలుగు టీ చెంచాల పంచదార కలిపిన నీళ్లు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. అన్నిటికంటే ముందు, శ్రమల దినములు మొదలుకాక మునుపే డాక్టరును అడిగి మందు మోతాదు, వేళ మార్పించుకోవాలి. డాక్టరు వద్దంటే భోజనం కాక మరొకటి విడిచిపెట్టి ఉపవాసముండవచ్చు.

వాక్యం ఏ వైపు ఉంది?

మందు వాడితే విశ్వాసం తక్కువైనట్టా? ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉంది. అందుకే కొందరు విశ్వాసులు మాత్రల డబ్బాను బంధువులకు కాదు, సాటి విశ్వాసులకే కనబడకుండా దాచిపెడతారు.

హిజ్కియా రాజు సంగతి చూడండి. అతని కన్నీటి ప్రార్థనకు దేవుడు జవాబిచ్చి ఆయుష్షు 15 సంవత్సరాలు పొడిగించాడు. ఆ వర్తమానం తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20). వాగ్దానమూ కట్టూ ఒకే ప్రవక్త చేతిమీదుగా వచ్చాయి. పౌలు తిమోతి కడుపు నొప్పికి ప్రార్థన మాత్రమే సూచించి ఊరుకోలేదు (1 తిమోతి 5). ఆయనతో కలిసి ప్రయాణించిన లూకా వృత్తిరీత్యా వైద్యుడు.

మరొక సంగతి ముఖ్యమైనది. మత్తయి 8వ అధ్యాయంలో యేసు ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసిన తరువాత నేరుగా ఇంటికి పంపలేదు. యాజకుని దగ్గరకు వెళ్లి చూపించుకోమన్నాడు. లేవీయకాండము ప్రకారం ఆ రోగం ఉందో పోయిందో పరీక్షించి ప్రకటించే బాధ్యత యాజకునిది. స్వస్థపరచినవాడు సాక్షాత్తు ప్రభువే అయినా పరీక్షను దాటవేయలేదు. మన కాలంలో దాని అర్థం స్పష్టం. నిజంగా స్వస్థత కలిగితే బీపీ మిషనుకు, రక్తపరీక్షకు భయపడనక్కరలేదు. డాక్టరుకు చూపించుకోండి. ఆయనే మందు తగ్గిస్తే, ఆపితే, అప్పుడు ఆ రిపోర్టు పట్టుకుని వచ్చి సాక్ష్యం చెప్పండి. దేవునికి అలాంటి సాక్ష్యం ఇంకా మహిమ తెస్తుంది.

తెలుగు నేల మీద సువార్త ఆసుపత్రితో చెయ్యి కలిపే నడిచింది. లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠరోగుల కోసం ఆసుపత్రి నెలకొల్పారు. ఆ రోజుల్లో ఆ జబ్బుకున్న చాల్‌ముగ్రా నూనె ఇంజెక్షన్లు బాధాకరమైనవి, నెలల తరబడి తీసుకోవలసినవి. మధ్యలో మానకుండా రోగిని నిలబెట్టడం కూడా ఆ పరిచర్యలో భాగమే. మనకు వారసత్వంగా వచ్చింది ఆ ఓపిక.

ఈ సేవకుడు ఏం చేస్తాడు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ మందు వాడకంలో ఐదు సందర్భాలను గుర్తించింది: మొదలుపెట్టేటప్పుడు, వేసుకునేటప్పుడు, మరొకటి చేర్చేటప్పుడు, ఉన్నవాటిని తిరిగి చూసుకునేటప్పుడు, ఆపేటప్పుడు. ఆ ఐదింటిలో మన సేవకుడు పక్కన ఉండి అడగవలసిన ప్రశ్నలు ఇవి.

మొదలుపెట్టేటప్పుడు: ఈ మందు పేరేమిటి, ఏ జబ్బుకు? మీకు ఇంతకుముందు ఏ మందైనా పడలేదా? ఆ సంగతి డాక్టరుకు చెప్పారా?

వేసుకునేటప్పుడు: చీటీ మీద 1-0-1 అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని తెలుసా? భోజనానికి ముందా, తరువాతా? ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి?

చేర్చేటప్పుడు: ఆర్.ఎం.పి. ఇచ్చినవి, ఆయుర్వేదం పొడులు, వాట్సాప్‌లో చూసి తెప్పించుకున్నవి కూడా డాక్టరుకు చూపించారా? స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు.

తిరిగి చూసుకునేటప్పుడు: ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకో, ఫార్మసిస్టుకో చూపించి ఎన్నాళ్లయింది? మెడికల్ షాపులో స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే పేరు ఒక ముక్కలో, గడువు తేదీ మరో ముక్కలో పోతాయి. ఆ రెండూ ఉన్న ముక్కను అడిగి తీసుకోవాలి.

ఆపేటప్పుడు: ఆపమన్నది ఎవరు? డాక్టరా, మనసా, పక్కింటివారా? డబ్బులు లేక మానేశారా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు సంఘాన్ని కదిలించాలి. జన ఔషధి కేంద్రంలో అదే మందు తక్కువ ధరకు దొరుకుతుందేమో ఫార్మసిస్టును అడిగి చూడవచ్చు. బీపీ, షుగరు, టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. అక్కడికి వెళ్లడానికి ఆటో కిరాయి లేకపోతే సంఘ కానుకలోంచి ఇవ్వవచ్చు.

మందు వల్ల దద్దురు, వాపు, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. ఊపిరాడకపోతే, ముఖం, పెదవులు వాస్తే 108. ఆ తరువాత దాన్ని నమోదు చేయించడం కూడా సేవే. మన దేశంలో 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు పని దినాల్లో రోగి గాని, ఇంటివారు గాని స్వయంగా ఫోన్ చేసి చెప్పవచ్చు. ఫిర్యాదు ఫారం తెలుగులో కూడా ఉంది. ఒక్కరు చెప్పిన మాట దేశంలో మరెందరినో కాపాడవచ్చు.

చేయకూడనివి

హద్దు తెలియని సేవ హాని చేస్తుంది. కనుక ఇవి గట్టిగా గుర్తుంచుకోవాలి. మందు పెంచమని, తగ్గించమని, మార్చమని ఎప్పుడూ చెప్పకూడదు. మీకు పనిచేసిన మాత్ర మరొకరికి ఇవ్వకూడదు. మిగిలిన మందులు పోగుచేసి పంచకూడదు. ఏ మందులషాపు, ఏ కంపెనీ సరుకు అమ్మిపెట్టకూడదు. సందేహం వస్తే మీ ఊహ చెప్పకుండా, ఆ సందేహాన్ని కాగితం మీద రాసి డాక్టరు దగ్గరకు పంపించండి. కుదిరితే వెంట వెళ్లండి.

గుట్టు మరీ ముఖ్యం. మాత్రల డబ్బా చూస్తే మనిషి జబ్బు తెలిసిపోతుంది. హెచ్‌ఐవి ఉన్నవారి సమాచారం వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. చట్టం లేకపోయినా ప్రేమ చెబుతుంది. ప్రార్థన అంశమనే పేరుతో కూడా ఒకరి జబ్బు వారి అనుమతి లేకుండా పదిమందిలో చెప్పవద్దు.

మీ సంఘంలో ఎలా మొదలుపెట్టాలి?

పెద్ద ఏర్పాట్లు వద్దు. సంఘంలో నర్సు, ఫార్మసిస్టు, ఆశా కార్యకర్త ఎవరైనా ఉంటే ముందు వారితో కూర్చోండి. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు, యౌవనస్థుల నుంచి ఇద్దరు చాలు. వారికి పి.హెచ్.సి. డాక్టరు చేత ఒక పూట వివరంగా చెప్పించండి. తరువాత ఒక ఆదివారం మందుల సంచి దినంగా ప్రకటించండి. సెప్టెంబరు 17 వచ్చే వారం అందుకు అనువైనది. ఎవరి మందులు వారు సంచిలో తెచ్చుకుంటారు. తలుపు వేసిన ఒక గదిలో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మందు పేరు, ఎందుకు, ఎప్పుడు, ఎవరు రాశారు అన్న నాలుగు సంగతులు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి వారి చేతికే ఇవ్వండి. ఆ కాగితం సంఘం దగ్గర ఉంచుకోవద్దు. ఆ అట్టను తరువాతిసారి డాక్టరు దగ్గరకు తీసుకెళితే ఆయనకూ మేలే. పిల్లలు దూరాన ఉండి ఒంటరిగా ఉన్న వృద్ధుల ఇళ్లకు నెలకొకసారి వెళ్లి రండి.

కాపరులకు ఒక మాట. సాక్ష్యాల సమయంలో ఎవరైనా మందులు పారేశామని చెబితే మౌనంగా ఉండవద్దు. వారిని చిన్నబుచ్చకుండా, దేవునికి స్తోత్రం చెప్పి, డాక్టరుకు చూపించుకునేదాకా మందు కొనసాగించమని అదే వేదిక మీదనుంచి చెప్పండి. మైకులో మన మౌనం కూడా ఒక బోధే.

మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టడంతో తన పని అయిపోయిందనుకోలేదు. సత్రానికి చేర్చాడు. మరునాడు రెండు దేనారములిచ్చి, తాను తిరిగి వచ్చి చూస్తానని మాట ఇచ్చి వెళ్లాడు. మొదటి కట్టు తరువాత రోజులు గడవాలి, మందు తప్పకుండా సాగాలి, ఎవరో ఒకరు తిరిగి వచ్చి అడగాలి. అలా తిరిగి వచ్చి అడిగేవారు మన సంఘాలకు కావాలి. మీలో ఎవరి పేరు ఈ పరిచర్యకు రాయాలో ఈ వారం ప్రార్థనలో ఉంచండి. తరువాత మీ కాపరి దగ్గరకు వెళ్లి ఆ పేరు చెప్పండి.